వికీలో మీరు రాసింది పోతోందా? ముందు చరిత్ర నొక్కండి

"మావయ్యా, నా పేజీ ఎవడో కొట్టేసినాడు" అని మొన్న పాతపట్నం నుంచి మా మేనల్లుడి ఫోన్. చరిత్ర నొక్కావేట్రా అంటే లేదు. వ్యాసం గురించి మాట్లాడుకునే చర్చ పేజీ చూశావా అంటే అదెక్కడుంటాది అంటాడు. నేను పర్లాకిమిడిలో కూర్చుని ఏళ్ళ తరబడి తెలుగు వికీపీడియాలో రాస్తున్నా, బరంపురం, రాయగడ, గుణుపురం వైపు నుంచి రాసే మనవాళ్ళు ఏదో ఒక గొడవలో ఇరుక్కుని ఫోన్ చేస్తూనే ఉంటారు, చాలామంది కథ ఇదే. వ్యాసం పైన "చరిత్ర" అని ఒకటుంది, ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో అందులో ఉంటుంది, ఎందుకు చేశారో కూడా చాలాసార్లు పక్కనే ఒక ముక్క రాసి పెడతారు. ఆ ముక్క చదవరు. రద్దు నొక్కేస్తారు, అవతలాయన మళ్ళీ రద్దు చేస్తాడు, వీళ్ళు మళ్ళీ నొక్కేస్తారు, ఆఖరికి "మన ఊరంటే వాళ్ళకి పడదు" అని ఏడుపు. ఇంగ్లీషు వికీలో ఒకే పేజీ మీద 24 గంటల్లో మూడు రివర్టులు, అంటే రద్దులు, దాటితే బ్లాక్ చేసేయొచ్చు. తెలుగులో మనం ఉన్నదే కొద్దిమంది, అంతదాకా పోకముందే అందరి కళ్ళూ పడతాయి.

ఎడిట్ చెయ్యడం, మూలం ఇవ్వడం, సంతకం పెట్టడం వచ్చనుకునే చెప్తున్నా. రాకపోతే వికీలో నేర్చుకునేవాళ్ళు రాసి చెరుపుకునే పేజీ ఉంది, ప్రయోగశాల అంటారు, అందులో రెండ్రోజులు ఆడుకుని రండి.

నా పేజీ తెరిస్తే వేరే పేజీ వస్తోంది

డిలీట్ కాలేదు బాబూ, దారిమార్పు చేశారు, అంటే ఆ పేరు నొక్కితే వేరే పేజీకి పోయేలా పెట్టారు. మా వాడిదీ ఇదే. మన సరిహద్దు ఊళ్ళతో ఉన్న తంటా ఇది, మనం పర్లాకిమిడి అంటాం, ఒడియావాళ్ళు పలికేది వేరు, ఇంగ్లీషు స్పెల్లింగు చూసి చదివితే ఇంకోటి వస్తుంది. బరంపురం, బెర్హంపూర్, బ్రహ్మపూర్ అన్నీ ఒకటే ఊరు. వెతక్కుండా కొత్త స్పెల్లింగుతో పేజీ మొదలెడితే పాతదాంట్లో కలిపేస్తారు. తెరుచుకున్న పేజీలో శీర్షిక కింద చిన్న అక్షరాల్లో ఫలానా దాన్నుంచి దారిమార్పు అయిందని ఉంటుంది, ఆ పేరు నొక్కి అక్కడి చరిత్రలోకి వెళ్ళండి, మీరు రాసిందంతా భద్రంగా ఉంటుంది. పనికొచ్చే ముక్కలుంటే పాత పేజీలోకి తెచ్చుకోండి. కోరాపుట్ జిల్లా జయపురం గురించి రాస్తూ జైపూర్ అని పేరు పెట్టి, రాజస్థాన్ జైపూర్ పేజీతో కొట్టుకునేవాళ్ళకి వేరే మందు లేదు, శీర్షికలో జిల్లా పేరు చేర్చండి.

ఎర్ర లింకు కనబడుతోంది

ఇది నిజంగా తొలగించిందే. ఆ ఎర్ర లింకు నొక్కితే ఏ నిర్వాహకుడు ఏ రోజు ఏ కారణం మీద తీసేశాడో లాగ్ కనబడుతుంది, ఎవరూ దాచలేదు. కారణాలు కూడా ఎప్పుడూ అవే. పేపర్లోంచి దించేశారు, లేదా గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేసి అలాగే అంటించేశారు, లేదా ఆ మనిషి గురించి బయట ఎవరూ ఎక్కడా రాయలేదు. దించిందైతే దాని జోలికి వెళ్ళకండి, సొంత వాక్యాల్లో మళ్ళీ రాసుకోండి. ప్రాముఖ్యత లేదన్నారంటే ఆ మనిషితో సంబంధం లేనివాళ్ళు రాసినవి రెండుమూడు వెతికి పట్టుకెళ్ళి నిర్వాహకుణ్ణి మర్యాదగా అడగండి, తీసేసిన పేజీ వాళ్ళకి కనబడుతూనే ఉంటుంది, కావాలంటే వెనక్కి తెస్తారు. మా తాతగారు ఊళ్ళో గుడి కట్టించారండీ అంటే మాత్రం కుదరదు, మా తాతా కట్టించాడు.

ఊరు మాదంటే మాదంటున్నారు

సరిహద్దులో ఉన్న కొఠియా పల్లెల మీద ఒడిశా, ఆంధ్ర 1968 నుంచి కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి, మీరు ఇన్ఫోబాక్సులో, అదే వ్యాసం పక్కనుండే వివరాల పెట్టెలో, రాష్ట్రం పేరు మార్చితే అది తీరదు. రెండు వైపుల వాదనా రాయండి, వదిలెయ్యండి. పర్లాకిమిడి గొడవైతే తారీఖు వేస్తే చాలు, 1936 ఏప్రిల్ 1కి ముందు మద్రాసు ప్రెసిడెన్సీ, ఆ తర్వాత ఒరిస్సా. గిడుగు రామమూర్తి గారు ఇక్కడ పంతులుగా చేరింది మద్రాసు రోజుల్లో, దాంట్లో తగువేముంది.

ఇద్దరి దగ్గరా మూలం ఉంది, అయినా తెగట్లేదు

దీని దగ్గర ఆగండి, నేను బాగా కాలింది ఇక్కడే.

మా ఊరికి నౌపడ నుంచి చిన్న రైలు ఉండేది, రాజావారు వేయించిన నేరోగేజీ, ఇప్పుడు బ్రాడ్‌గేజీ అయిపోయింది. నేను వికీకి కొత్తలో ఆ రైలు గురించి రాస్తూ 1890లో మొదలైందని రాసేశా, మూలం లేదు, మా తాత చెప్పాడు అంతే. తర్వాత మర్చిపోయా. ఏళ్ళు గడిచాక అసలు మొదలైంది 1900లో అని తెలిసి దిద్దబోతే ఒక కుర్రాడు రద్దు చేశాడు, పైగా మూలం కూడా ఇచ్చాడు, ఏదో లోకల్ వెబ్‌సైటు. నేను మళ్ళీ దిద్దా, అతను రెండో వెబ్‌సైటు తెచ్చాడు. వారం కొట్టుకున్నాం. నాకు బీపీ.

ఒక రాత్రి ఆ వెబ్‌సైటు తీరిగ్గా చదువుతుంటే నౌపడకి బదులు "నౌవడ" అని కనబడింది. ఎక్కడో చూశానే అనుకుని మన వ్యాసం చరిత్రలో అడుగుకి వెళ్ళి చూస్తే, ఆ "నౌవడ" నాదే! నా టైపింగ్ తప్పు. తర్వాత ఎవరో వికీలో సరిచేశారు గానీ అప్పటికే ఆ సైటువాడు వ్యాసం మొత్తం దించుకున్నాడు, రెండో సైటువాడు వీడి దగ్గర్నుంచి దించాడు, ఆ కుర్రాడు దాన్ని తెచ్చి నా ముందే మూలంగా పెట్టాడు. అంటే నా అబద్ధానికి నేనే సాక్ష్యం. ఆ కుర్రాడి తప్పేం లేదు, మూలం ఇమ్మన్నాం, ఇచ్చాడు.

కాబట్టి మూలాలు ఎదురెదురుగా నిలబడి తగువు తెగనప్పుడు ఏ మూలం గొప్పదని వాదించకండి, ఏది ముందు పుట్టిందో చూడండి. ఆ వాక్యం వికీలోకి ఎప్పుడొచ్చిందో చరిత్రలో పట్టుకోవాలి, వరసపెట్టి చూడక్కర్లేదు, మధ్యలో ఒక కూర్పు, అంటే ఆ రోజుకి వ్యాసం ఎలా ఉందో అది, తెరవండి, అందులో వాక్యం ఉంటే ఇంకా పాతదానికి, లేకపోతే కొత్తదానికి, అలా సగం సగం చేసుకుంటూ పోతే 200 మార్పులున్నా ఎనిమిది సార్లలో దొరికిపోతుంది. తర్వాత ఆ వెబ్‌సైటు తేదీ. పేజీ కింద వేసిన తేదీని నమ్మొద్దు, పాత వెబ్ పేజీల్ని దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైటులో లింకు వేసి మొదటిసారి ఎప్పుడు భద్రమైందో చూడండి, అది కూడా పక్కా కాదు, పేజీ అంతకుముందే ఉండి ఉండొచ్చు, అందుకే నౌవడ లాంటి టైపింగ్ తప్పులు, వాక్యాల వరస కూడా పోల్చండి. వికీ ముందైతే ఆ మూలం చెల్లదు, తీసెయ్యండి. సైటే ముందైతే ఇంకో తలనొప్పి, మనవాడే అక్కడి నుంచి దించాడేమో చూడాలి. అచ్చు పుస్తకమని కూడా గుడ్డిగా నమ్మకండి, వికీ వ్యాసాల్నే పుస్తకాలుగా వేసి అమ్మేవాళ్ళున్నారు. ఇంగ్లీషు వికీలో ఉంది కదా అనడం అసలు మూలమే కాదు. వికీపీడియా పుట్టింది 2001లో, అంతకు ముందు అచ్చయిన పుస్తకం వికీని చూసి రాసి ఉండదు, మన వైపు ఊళ్ళకైతే ఇంపీరియల్ గెజిటీర్ లాంటి పాత స్కాన్లు నెట్లో ఉచితంగా ఉన్నాయి, వెతకండి. దొరికింది చర్చ పేజీలో తేదీలతో పెట్టి, ఆ తర్వాతే వ్యాసం ముట్టుకోండి.

మిగతావి

దొంగ ఖాతాలు, పగబట్టిన నిర్వాహకుడు, బాట్ (తనంతట తానే మార్పులు చేసే ప్రోగ్రాం) పిచ్చెక్కడం, అందరూ ముందు వీటినే అనుమానిస్తారు, నాకు తగిలింది ఒకటో రెండో. ఎడిట్ చెయ్యనివ్వకుండా బ్లాక్ అని వస్తే మీ మొబైల్ నెట్‌వర్క్ ఐపీని ఇంకెవడి వల్లో ఆపి ఉంటారు, లాగిన్ అయి చూడండి. అప్పటికీ అవకపోతే రచ్చబండలో, అదే వికీలో అందరూ మాట్లాడుకునే పేజీలో, రాయండి.

రైలు వ్యాసంలో ఇప్పుడు 1900 ఉంది. ఆ రెండు సైట్లలో ఇంకా 1890యే, మెయిల్ పెడితే జవాబు లేదు. కొన్ని నెలలకోసారి ఎవరో ఒకరు వచ్చి మళ్ళీ మారుస్తారు, చర్చ పేజీలో నౌవడ కథ చదవమని లింకిస్తా.