పాత బండి పోషణ – 4వ పాఠం: ఆయిల్ కారే ఇంజన్లో మట్టం చూడటం

గత పాఠంలో ఏ గ్రేడు ఆయిల్ పొయ్యాలో చూశాం. ఇప్పుడు అది లోపల ఎంత ఉందో తెలుసుకోవడం. కొత్త ఇంజన్ అయితే నెలకోసారి గేజ్ (ఆయిల్లో మునిగి ఉండే, పై గీత కింది గీత ఉన్న కొలత కడ్డీ) తీసి చూసినా సరిపోతుంది. ప్యాకింగులు ఎండిపోయి, ఆయిల్ సీళ్లు అరిగి, చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) చుట్టూ జిడ్డు కట్టిన ఇంజన్‌కి అది చాలదు. అలాంటి బండిలో ఈ రోజు ఎంత ఉందన్నది సగం సమాచారమే. ఎన్ని కిలోమీటర్లకి ఎంత తగ్గుతోందో తెలిస్తేనే ఎప్పుడు పొయ్యాలో, ఎప్పుడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలో మీ అంతట మీరు చెప్పగలుగుతారు. ఉదాహరణకి 5 లీటర్లు పట్టే నాలుగు సిలిండర్ల డీజిల్ జీపుని తీసుకుందాం. పాత అంబాసిడర్‌కైనా, ట్రాక్టర్‌కైనా పద్ధతి ఇదే, కొలతలు మారతాయంతే.

ముందు చోటు. గోదావరి డెల్టా అంతా చదునే అనుకుంటాం గానీ బండి నిలిపే చోట్లు చదునుగా ఉండవు. కాలువ గట్టు మీద రోడ్డు రెండు పక్కలకీ వాలి ఉంటుంది. ధాన్యం ఆరబోసే గచ్చుకి కూడా వాన నీరు పోవడానికి వాలు పెడతారు. బండి ఒక పక్కకి ఒరిగితే ఆయిల్ ఆ పక్కకి చేరుతుంది. గేజ్ కూడా ఆ పక్కనే ఉంటే మట్టం ఎక్కువగా, రెండో పక్కన ఉంటే తక్కువగా కనిపిస్తుంది. నరసాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని గోదావరి దాటించే పడవ) కోసం వరసలో ఆగినప్పుడు ఎలాగూ ఖాళీయే కదా అని బానెట్ ఎత్తి చూస్తారు చాలామంది. రేవు వాలు మీద తీసిన రీడింగ్‌ని అసలు లెక్కలోకి తీసుకోవద్దు. ఇంటి దగ్గరే ఒక చోటు ఎంచుకోండి. తాపీమేస్త్రి దగ్గరుండే రసమట్టం పెట్టి నిలువునా అడ్డంగా చూసి, నాలుగు చక్రాలు ఆగే చోట సున్నంతోనో రంగుతోనో గుర్తు పెట్టుకోండి. కొంచెం వాలున్నా పరవాలేదు, ప్రతిసారీ అదే గుర్తు మీద నిలిపితే చాలు.

తర్వాత వేళ. తెల్లారి స్టార్టు చెయ్యకముందు చూడటం ఆయిల్ కారే బండికి అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. రాత్రంతా నిలిచి ఉండటం వల్ల పైన టాపెట్ల దగ్గరున్న ఆయిల్ కూడా చాంబర్లోకి దిగిపోయి ఉంటుంది. సాయంత్రం బండి ఆపి ఒక రోజు రెండు నిమిషాలకి, ఇంకో రోజు పావుగంటకి చూస్తే ఆ తేడానే కారుడనుకునే ప్రమాదం ఉంది. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆయిల్ వేడికి వ్యాకోచిస్తుంది. 5 లీటర్ల ఆయిల్ 60 డిగ్రీలు వేడెక్కితే సుమారు 200 మి.లీ. పెరుగుతుంది. కాబట్టి చల్లని ఇంజన్లో పై గీత దాకా నింపెయ్యొద్దు. మీ బండి పుస్తకంలో వేడి ఇంజన్ ఆపిన తర్వాత చూడమని రాసి ఉంటే అలాగే చెయ్యండి. ఆపాక పది నిమిషాలు ఆగడం మాత్రం ప్రతిసారీ ఒకేలా పాటించండి. ఒకరోజు చల్లగా, ఒకరోజు వేడిగా చూస్తే లెక్క కుదరదు.

గేజ్ తియ్యకముందు దాని గొట్టం మూతి చుట్టూ ఉన్న మట్టిని తుడవండి, లేకపోతే అది నేరుగా లోపలికి పోతుంది. మొదటిసారి తీసినప్పుడు కనిపించే గీతని పట్టించుకోవద్దు. నూలు పోగులు ఊడని పాత బనీను గుడ్డతో తుడిచి, ఆనుకునేదాకా పూర్తిగా దింపి, రెండు మూడు సెకన్లు ఉంచి తియ్యండి. కిందికి వేలాడేలా పట్టుకుని రెండు పక్కలా చూడండి. రెండు పక్కలా ఒకే ఎత్తులో లేకపోతే తక్కువగా ఉన్నదే నిజం. ఎక్కువగా కనిపించేది గొట్టం గోడకి అంటిన జిడ్డు. అనుమానం వస్తే తుడిచి మళ్లీ చూడండి. బైకుల్లో గేజ్ ఆయిల్ మూతకే ఉంటుంది. స్ప్లెండర్ లాంటి బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, మూతని మర తిప్పకుండా ఊరికే ఆనించి తియ్యాలి. మర బిగించి తీస్తే లేని ఆయిల్ ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇంత జాగ్రత్తగా చూసినా గేజే అబద్ధం చెప్పొచ్చు. పాత బండ్లలో విరిగిన గేజ్ స్థానంలో వేరే ఇంజన్‌ది పెట్టడం, బిగువు పోయి గొట్టం కిందికి జారడం మామూలే. అందుకే ఆయిల్ మార్చే రోజున గేజ్‌ని కొలతకి సరిచూడాలి. ఈ పాఠంలో అన్నిటికన్నా విలువైన పని ఇదే, బద్ధకించొద్దు. పాత ఆయిల్ పూర్తిగా దించి, కొత్త ఫిల్టర్ బిగించి, గీతలున్న కొలపాత్రతో సరిగ్గా 4 లీటర్లు పొయ్యండి. ఒక నిమిషం ఐడిల్‌లో నడిపి ఫిల్టర్ నిండనివ్వండి. ఆపి పావుగంట తర్వాత గేజ్ తీసి, ఆయిల్ తడి ఎక్కడిదాకా ఉందో గేజ్ చివర నుంచి స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోండి. తర్వాత 250 మి.లీ. చొప్పున పోస్తూ, ఒక్కోసారి ఐదు నిమిషాలు ఆగి కొలవండి. 5 లీటర్లు పూర్తయ్యేసరికి మీ చేతిలో ఐదు కొలతలుంటాయి. ఈ లీటరుకి మట్టం 25 మి.మీ. లేచిందనుకోండి, 1 మి.మీ. అంటే 40 మి.లీ. అన్నమాట. గేజ్ మీదున్న పాత గీతలు ఈ కొలతలతో కలవకపోతే కొలతనే నమ్మండి, సన్నని సూదిమొనతో కొత్త గీతలు పెట్టుకోండి. ఆకురాయితో లోతుగా కొయ్యొద్దు, గేజ్ అక్కడే విరుగుతుంది.

ఇక లెక్క. బండిలో ఒక చిన్న పుస్తకం పెట్టి తేదీ, మీటరు రీడింగ్, మట్టం మి.మీ.లలో, పోసింది ఎంత అని నాలుగు గడులు గియ్యండి. మీటరు పనిచెయ్యని బండ్లు చాలా ఉంటాయి, అలాంటప్పుడు కొట్టించిన డీజిల్ లీటర్లు రాయండి. 300 కిలోమీటర్లకి 4 మి.మీ. తగ్గితే 160 మి.లీ. పోయినట్టు. ఇదే బండి అంబాజీపేట కొబ్బరి బరువుతో అంతే దూరం తిరిగిన వారం 8 మి.మీ. తగ్గితే, వేడికీ ఒత్తిడికీ కారుడు పెరుగుతోందని అర్థం.

రాత్రి ఇంజన్ కింద అట్టముక్క పరిచి చూడటం మంచిదే గానీ, దాన్నిబట్టే నిర్ణయానికి రావద్దు. నిమిషానికో చుక్క పడితే రోజుకి 50 మి.లీ. పైనే. అయినా ఆయిల్ ఒత్తిడి ఉండే చోట్లు, అంటే ఫిల్టర్ వాషరు, ప్రెషర్ స్విచ్, ఆయిల్ పైపుల జాయింట్లు, ఇంజన్ తిరుగుతున్నప్పుడే ఎక్కువగా కారతాయి. అట్ట మీద రెండు చుక్కలే ఉండి గేజ్ మాత్రం గట్టిగా తగ్గుతుంటే అలాంటి చోటు చూడాలి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే ఆయిల్ లోపలే కాలిపోతోంది.

మట్టం రెండు గీతల మధ్య సగానికి రాగానే పొయ్యండి, కింది గీత దాకా ఆగొద్దు. కింది గీత దగ్గరుండగా గట్టు ఎక్కినా, మలుపు గట్టిగా తిప్పినా ఆయిల్ ఒక పక్కకి పోయి పంపు జాలి గాలి పీలుస్తుంది. ఒకసారికి 200 మి.లీ. గరాటాతో నెమ్మదిగా పోసి, ఐదు నిమిషాలు ఆగి చూడండి. ఎలాగూ కారుతుంది కదా అని పై గీత దాటించి పొయ్యడం పెద్ద తప్పు. క్రాంకు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, లోపల ఒత్తిడి పెరిగి అరిగిన సీళ్ల నుంచి ఇంకా కారుతుంది. డీజిల్ ఇంజన్ అయితే బ్రీదర్ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిరి, ఒత్తిడి బయటికి పోయే దారి) గుండా ఆయిల్‌ని పీల్చుకుని, తాళం తిప్పినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం కూడా ఉంది. ఉన్నట్టుండి అన్ని చోట్లా కారడం మొదలైతే సీళ్లు మార్చే ఖర్చుకి ముందు బ్రీదర్ గొట్టం మూసుకుపోయిందేమో చూడండి.

కారుతున్నా మట్టం తగ్గడం లేదంటే సంతోషించాల్సిన విషయం కాదు. ఇంకేదో లోపలికి చేరుతోంది. గేజ్‌ని వాసన చూడండి. డీజిల్ వాసన వచ్చి, వేళ్ల మధ్య నీళ్లలా జారితే ఫీడ్ పంపు నుంచో ఇంజెక్షన్ పంపు సీలు నుంచో డీజిల్ దిగుతోంది. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు కలిసింది, హెడ్ ప్యాకింగ్ మీద అనుమానం పడాలి. నిర్ధారించుకోవడానికి పనికిరాని రేకు మూతని బాగా వేడిచేసి, దూరంగా నిలబడి ఒక చుక్క వెయ్యండి. చిటపటలాడితే నీరున్నట్టే. రెండింట్లో ఏదైనా బండి నడపొద్దు.

లంక గ్రామాల్లో జులై, ఆగస్టు వరదల్లో ఇంజన్ దాకా మునిగిన బండికి గేజ్ మీద మట్టం పైకి లేచి ఉంటే సెల్ఫ్ ముట్టుకోవద్దు. నీరు ఆయిల్ కంటే బరువు, అడుగున చేరుతుంది. చాంబర్ డ్రెయిన్ బోల్టుని పూర్తిగా తియ్యకుండా వదులు చేస్తే ముందు నీరే వస్తుంది. సిలిండర్లలోకి కూడా వెళ్లి ఉంటే స్టార్టు చేసేసరికి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

డాష్‌బోర్డు మీద ఆయిల్ దీపం ఒత్తిడిని చూపిస్తుంది, మట్టాన్ని కాదు. నడుస్తుండగా అది వెలిగితే ఇంజన్ వెంటనే ఆపెయ్యాలి, పక్క ఊరు దాకా పోదామనుకోవద్దు.

కారిన ఆయిల్‌ని పట్టడానికి ఇంజన్ కింద రంపపు పొట్టు పోసిన రేకు పళ్లెం పెట్టండి. కాలువ నీళ్లే మన చెరువుల్లోకి, అక్కడి నుంచి ఇళ్లలోకి వస్తాయి. దించిన ఆయిల్‌ని డబ్బాలో పోసి, పాత ఆయిల్ కొనేవాళ్లకే ఇవ్వండి.

ఈ వారం చెయ్యాల్సింది: బండి నిలిపే గుర్తులు పెట్టడం, ఏడు రోజులు తెల్లారి రీడింగ్ రాయడం. వచ్చే పాఠం ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో కనిపెట్టడం గురించి. దానికి అర లీటరు కిరోసిన్, ఒక బ్రష్షు, ఒక డబ్బా ముఖానికి రాసే పౌడరు సిద్ధం చేసుకోండి.