బర్కిలీలో ఎత్నిక్ స్టడీస్ పీహెచ్‌డీ: దరఖాస్తు విధానం

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బర్కిలీ ప్రాంగణంలో ఎత్నిక్ స్టడీస్ (జాతి, జాతి వివక్షల అధ్యయనం) శాఖ 1969లో ఏర్పడింది. థర్డ్ వరల్డ్ లిబరేషన్ ఫ్రంట్ పేరిట ఏకమైన నల్లజాతి, ఆసియా, మెక్సికన్ మూలాల విద్యార్థులు, అమెరికా ఆదివాసీ విద్యార్థులు తమ జాతుల చరిత్రను తామే చదివి రాసుకునే హక్కు కోసం చేసిన సమ్మె దాని పుట్టుకకు కారణం. చరిత్ర, సాహిత్యం, సామాజిక శాస్త్రం, న్యాయం కలగలిసిన చదువు ఇది. అందువల్ల ఏ ఒక్క సబ్జెక్టులోనో పీజీ చేసి ఉండాలన్న నిబంధన కన్నా, మీ ప్రశ్నకు ఇన్ని శాస్త్రాలు ఎందుకు అవసరమన్న వివరణకే ఇక్కడ ఎక్కువ విలువ ఉంటుంది.

మన మూడేళ్ల డిగ్రీతోనే ఆగినవారు ముందుగా రెండేళ్ల పీజీ పూర్తిచేయడం మంచిది. దరఖాస్తును బర్కిలీలో పీజీ, పీహెచ్‌డీ ప్రవేశాలు చూసే గ్రాడ్యుయేట్ డివిజన్ ఆన్‌లైన్ పోర్టల్‌లోనే సమర్పించాలి. పోర్టల్ సెప్టెంబరులో తెరుచుకుంటుంది, గడువు సాధారణంగా డిసెంబరు ఆరంభంలో ముగుస్తుంది. ఈ దశలో మార్కుల మెమోల స్కాన్ ప్రతులు చాలు. సీలు వేసిన అధికారిక ట్రాన్‌స్క్రిప్టులను సీటు వచ్చిన తరువాతే అడుగుతారు.

తెలుగు విద్యార్థులు ఎక్కువగా తడబడేది రెండు వ్యాసాల దగ్గర. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో పరిశోధన ప్రశ్న, పద్ధతి, ఏ అధ్యాపకుల పనితో అది కలుస్తుందన్నది రాయాలి. పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్‌లో మీ కుటుంబ, సామాజిక నేపథ్యం ఈ చదువు వైపు మిమ్మల్ని ఎలా నడిపించిందో చెప్పాలి. ఒకే కథను రెండింటిలోనూ పెడితే ఒక అవకాశం వృథా అయినట్లే. కష్టాల చిట్టా రాస్తే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. ఈ శాఖ దృష్టి ప్రధానంగా అమెరికాలోని జాతి వివక్ష, వలస, ఆదివాసీ ప్రశ్నల మీద ఉంటుంది కనుక, గుంటూరు జిల్లాలోని కులం గురించి మాత్రమే రాసిన ప్రతిపాదన కంటే, అదే కులం వలసదారులతో పాటు కాలిఫోర్నియా చేరి ఎలా మారిందని అడిగే ప్రతిపాదన ఇక్కడ బాగా ఇముడుతుంది. బర్కిలీతో సంబంధం లేని మరో వ్యవస్థ, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, 2022 జనవరిలో తన వివక్ష నిరోధక విధానంలో కులాన్ని చేర్చడం అలాంటి ప్రశ్నకు ఒక ఆధారం.

మూడు సిఫారసు లేఖలను అధ్యాపకులే నేరుగా పోర్టల్‌లో పంపాలి. "నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను" అనే అలవాటు మన దగ్గర ఉంది గానీ, మీ పరిశోధనను నిజంగా చదివిన గురువు రాసే ఒక పేజీకి అది సాటి రాదు. రచనా నమూనాగా ఎం.ఏ. డిసర్టేషన్‌లోని ఒక అధ్యాయాన్ని విడిగా చదివినా అర్థమయ్యేలా సవరించి పంపవచ్చు.

ఇంగ్లీషు మీడియంలో చదివినా భారతీయ విద్యార్థులకు భాషా పరీక్ష తప్పదు. ఐఈఎల్‌టీఎస్ అయితే కనీసం 7 రావాలి. దరఖాస్తు ఫీజు మినహాయింపు విదేశీ విద్యార్థులకు లేదు.

ఖర్చు సంగతి ముందే చూసుకోవాలి. ఎస్సీ విద్యార్థులకు ఉద్దేశించిన కేంద్ర నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నుంచి భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజంపై చేసే పరిశోధనలను 2022 మార్గదర్శకాలు తొలగించాయి. కులం మీద ప్రతిపాదన సిద్ధం చేసుకున్నవారు ఆ నిబంధనను చదివిన తరువాతే లెక్కలు వేసుకోవాలి. శాఖ ఇచ్చే ఫెలోషిప్, బోధన సహాయకుల వేతనం ఎన్నేళ్లు వస్తాయో ప్రవేశ లేఖలో చూసుకుని, ఏప్రిల్ 15లోగా అంగీకారం తెలపాలి.