పాత ఆర్కేడ్ మెషీన్ యాక్రిలిక్ మీద గీతలు: నేను తీసే పద్ధతి

గీత కనబడగానే చెయ్యి ఎమరీ పేపర్ మీదకు పోతుంది. మొదటిసారి నాకూ అలాగే పోయింది. నాణెం వేసి ఆడే పాక్‌మ్యాన్ వీడియో గేమ్ మెషీన్, 1980 నాటి ఆట. మానిటర్ ముందున్న యాక్రిలిక్ (అద్దంలా కనిపించే గట్టి ప్లాస్టిక్) పలక మీద సరిగ్గా నడిమధ్యన వేలెడు గీత. ఆ ఒక్కచోటే పట్టుబట్టి రుద్దాను, పాలిష్ పెట్టాను, గీత మాయమైంది. సంబరంగా ఆన్ చేసి తల కాస్త అటూ ఇటూ కదిపితే, ఆటలోని నీలం రంగు చిక్కుదారి గోడలు ఆ చోట మాత్రం నీళ్లలో ఉన్నట్టు ఊగాయి. గీత పోయి గుంట పడిందన్నమాట. గీతనైతే ఆట మొదలయ్యాక కన్ను మరిచిపోతుంది. ఆ ఊగుడును మాత్రం మరిచిపోలేదు.

అందుకే ఇప్పుడు ముందు చూసుకునేది ఒకటే: ఎంత తక్కువ అరగదీసి బయటపడగలం?

ప్లగ్ పీకి, ఆ యాక్రిలిక్ ప్యానెల్‌ను విప్పి బల్ల మీదకు తెచ్చుకోండి. మెషీన్‌లో ఉండగానే రుద్దితే మురికి నీళ్లు స్పీకర్లోకో బటన్లలోకో కారతాయి. మానిటర్ వెనక చెయ్యి పెట్టకండి. పిక్చర్ ట్యూబు కరెంటు తీసేశాక కూడా చార్జి పట్టుకుని ఉంటుంది.

తర్వాత అది యాక్రిలిక్కేనా అని చూడండి. వేలితో కొడితే అద్దం గణగణమంటుంది, చల్లగా తగులుతుంది. యాక్రిలిక్ డబడబమంటుంది. కూర్చుని ఆడే టేబుల్ మెషీన్ల పైన ఎక్కువగా అద్దమే ఉంటుంది, దానికి ఈ పద్ధతి పనికిరాదు. బటన్ల చుట్టూ ఉండే పారదర్శక పొర పాలీకార్బొనేట్ అనే మరో రకం ప్లాస్టిక్ అయితే అది మెత్తన, రుద్దితే మసకబారి అలాగే ఉండిపోవచ్చు.

ఇక రంగు. మానిటర్ చుట్టూ ఉండే బొమ్మలు, పైన వెలిగే పేరు పలక మీది బొమ్మలు చాలావాటిలో వెనక వైపు అచ్చువేసి ఉంటాయి. గోరు అడ్డంగా లాగితే రంగు అంచు దగ్గర చిన్న మెట్టు తగులుతుంది. ఆ వైపు ఏదీ రుద్దకండి, నానబెట్టకండి. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ నిలువు మెషీన్‌లో తెర ప్రతిబింబాన్ని చూపించే సగం పూత అద్దం ఉంటుంది; దాని దరిదాపులకు పాలిష్ సీసా కూడా రానివ్వను. పూత లేచిందంటే అంతే.

ఇప్పుడు కడగండి. గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు, ఉత్త చెయ్యి. గుడ్డ కంటే ముందు చెయ్యి ఎందుకంటే ఇసుక రేణువు వేలికి తెలుస్తుంది, గుడ్డకు తెలియదు. పేపర్ టవల్ వద్దు. ఏళ్ల తరబడి పేరుకున్న సిగరెట్ పొగ జిడ్డు పోయేసరికి గీతలనుకున్నవి సగం పోవడం నేను చాలాసార్లు చూశాను. అమోనియా ఉన్న అద్దాల క్లీనర్, స్పిరిట్, థిన్నర్, ఎసిటోన్ జోలికి పోకండి. స్క్రూ బెజ్జాల చుట్టూ బిగువు ఉన్న పాత ప్యానెల్ అయితే అక్కడినుంచి సాలెగూడులా సన్నని పగుళ్లు పాకుతాయి. వాటిని ఏ పాలిషూ బాగుచేయలేదు.

ఆరాక గీత మీద గోరు అడ్డంగా లాగండి. గోరు ఆగకపోతే ప్లాస్టిక్ పాలిష్ చాలు. నేను వాడేది నోవస్. అందులో 3వ నంబరు ముతక గీతలకు, 2వది సన్నవాటికి, 1వది చివరి తుడుపుకి. ముందు 2తోనే ప్రయత్నిస్తాను, లొంగకపోతేనే 3, ఆ తర్వాత మళ్లీ 2.

గోరు ఆగితే నీళ్లతో తడుపుతూ ఎమరీ పేపర్‌తో రుద్దక తప్పదు. 1000 నంబరు పేపర్‌తో మొదలుపెట్టి 1500, 2000, 3000 (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది). మరీ లోతైతేనే 800. పేపర్‌ను రబ్బరు దిమ్మకు చుట్టండి; వేలి కొసతో నొక్కితే నాకు పడ్డట్టే గుంట పడుతుంది. గీత ఒక్కటే కాదు, చుట్టూ జానెడు మేర రుద్దాలి. ఆట కనబడే కిటికీ అయితే నేను మొత్తం రుద్దేస్తాను. 1000తో అడ్డంగా రుద్దితే 1500తో నిలువుగా, 2000తో మళ్లీ అడ్డంగా. అప్పుడు పాత నంబరు గీరలు పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. నంబరు మారినప్పుడల్లా ప్యానెల్, దిమ్మ, చేతులు కడిగి నీళ్లు మార్చండి. 1000 పేపర్ రేణువు ఒక్కటి 2000 కింద చిక్కిందా, మళ్లీ మొదటికే.

ఈ దశలో ప్యానెల్ బాత్రూం కిటికీ అద్దంలా తెల్లబారుతుంది. టెన్షన్ పడకండి. పైన నీళ్లు పోయండి. ఆ తడిలో సన్న గీరలు కనబడకుండా పోతాయి, అసలు గీత ఇంకా ఉంటే అదొక్కటే మిగిలి కనిపిస్తుంది. కనిపిస్తే ముందు నంబరుకు వెనక్కి వెళ్లాల్సిందే. పాలిష్‌తో కప్పేద్దామనుకుంటే కుదరదు.

తర్వాత 3, 2, 1 వరసలో పాలిష్. డ్రిల్‌కు స్పాంజి ప్యాడ్ పెట్టుకోవచ్చు కానీ తక్కువ వేగంతో, ఒకేచోట ఆపకుండా. మధ్యమధ్య చేతి వెనక భాగంతో తాకి చూడండి. వెచ్చబడితే ఆపి టీ తాగి రండి. సుమారు 100 డిగ్రీల దగ్గర యాక్రిలిక్ మెత్తబడుతుంది, రాపిడితో అంత వేడి పుట్టడం ఎంతోసేపు కాదు. మంటతో మెరిపించే పద్ధతి ఒకటుంది, రంగు వేసిన ప్యానెల్ దగ్గర నేను చేయను.

పని అయిందో లేదో పగటి వెలుతురులో తేల్చకండి. గది చీకటి చేసి, కింద నల్లగుడ్డ పరచి, టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేయండి. పైన వెలిగే పేరు పలకనైతే వెనకనుంచి దీపం పెట్టి చూడాలి, ఎందుకంటే గీత అంచులు ఆ వెలుగు పట్టుకుని మెరుస్తాయి. చివరగా తడి మైక్రోఫైబర్ గుడ్డతో ఒకసారి తుడవండి. పొడిగుడ్డతో రుద్దితే స్టాటిక్ పుట్టి గదిలో దుమ్మంతా వచ్చి అతుక్కుంటుంది.

బిగించేటప్పుడు స్క్రూలను వేళ్లతో తిప్పి, ఆపైన స్క్రూడ్రైవర్‌తో ఒక్క పావు తిప్పు చాలు. మెషీన్ వేడెక్కితే యాక్రిలిక్ సాగుతుంది, దానికి కాస్త చోటుండాలి.