విదేశంలో ఒంటరిగా నాలుగైదు నెలలు: మకాంకి ఊరు ఎంచుకోవడం ఎలా

చూసి రావడానికి ఊరు ఎంచుకోవడం వేరు, గది అద్దెకు తీసుకుని నెలల తరబడి ఉండటానికి ఎంచుకోవడం వేరు. వారం యాత్రలో వాన పడితే ఒక మధ్యాహ్నం పాడవుతుంది. మకాం వేసిన ఊళ్లో వానాకాలం మొదలైతే రెండు నెలలు పోతాయి. అందుకే ఊరి అందచందాల సంగతి తర్వాత. ముందు మన చేతిలో లేని మూడు విషయాలు చూడాలి: వీసా రోజులు, అక్కడి గాలీ వానా, గడియారం. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ ఊరు ఎంత నచ్చినా సరే, జాబితాలోంచి కొట్టేయండి.

ఇక్కడ మూడు ఊళ్లు పక్కపక్కన పెట్టి చూద్దాం: థాయ్‌లాండ్‌లో చియాంగ్ మాయ్, వియత్నాంలో దా నాంగ్, మలేషియాలో కౌలాలంపూర్. భారత పాస్‌పోర్టుతో, ఆన్‌లైన్‌లో పని చేసుకుంటూ మొదటిసారి ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఈ మూడూ అందుబాటులో ఉన్నవే. వేరే ఊరు మనసులో ఉన్నా ఏరే పద్ధతి ఇదే.

రోజుల లెక్క

ఎన్ని రోజులు ఉంటారో ముందు కాగితం మీద రాయండి. 90 లోపైతే పని తేలిక. వియత్నాం 2023 ఆగస్టు 15 నుంచి ఈ-వీసా 90 రోజులకు ఇస్తోంది. ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, మధ్యలో బయటికి వెళ్లి రావాలంటే 50. అచ్చం ప్రభుత్వ సైటులా కనిపించే దళారీ సైట్లు చాలా ఉన్నాయి, ఫీజు ఇంతకంటే ఎక్కువ అడిగితే మీరు ఉన్నది అసలు సైటు కాదు. మనవాళ్లకి ఇంకో చిక్కు పేరు దగ్గర వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం, రెండు మూడు పేర్లు కలిసి ఉండటం తెలుగువాళ్లలో మామూలే. ఫొటో పేజీ అడుగున ఉండే రెండు వరుసల్లో పేరు ఏ క్రమంలో ఉందో వీసాలోనూ టికెట్‌లోనూ అదే క్రమంలో ఉండాలి. తేడా ఉంటే హైదరాబాద్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు.

మలేషియా భారతీయులకు వీసా లేకుండా 30 రోజులు ఇస్తోంది, ఈ వెసులుబాటు 2026 చివరి వరకు ప్రకటించారు. అంతకంటే ఎక్కువ ఉండాలంటే ఆన్‌లైన్ ఉద్యోగుల కోసం పెట్టిన 'డీఈ రంతావ్' పాస్ ఉంది. మూడు నుంచి పన్నెండు నెలలకు ఇస్తారు, పొడిగించుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ తరహా పని చేసేవాళ్లకి ఏడాదికి 24,000 డాలర్ల ఆదాయం, మిగతా వృత్తులకు 60,000 డాలర్లు చూపించాలి.

థాయ్‌లాండ్‌లో వీసా లేకుండా ఉండనిచ్చే రోజులను 2024 జులైలో 60కి పెంచారు. తర్వాత తగ్గించాలన్న మాట కూడా వచ్చింది కాబట్టి, టికెట్ కొనే వారం రాయబార కార్యాలయం సైటులో చూసుకోకుండా దాన్ని నమ్ముకోవద్దు. ఎక్కువ రోజులకైతే అదే నెలలో మొదలైన డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) ఉంది. అయిదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండనిస్తారు. ఖాతాలో 5 లక్షల బాత్ చూపించాలి, థాయ్‌లాండ్ బయటి నుంచే దరఖాస్తు చేయాలి.

రోజులు అయిపోగానే సరిహద్దు దాటి మళ్లీ లోపలికి రావడమనే పాత కిటుకును లెక్కలోకి తీసుకోకండి. పాస్‌పోర్టులో ముద్రలు పెరిగే కొద్దీ ప్రశ్నలు పెరుగుతాయి, వెనక్కి పంపే అధికారం ఆ కౌంటర్‌లో కూర్చున్న మనిషికి ఉంటుంది. గడువు దాటితే థాయ్‌లాండ్‌లో రోజుకు 500 బాత్ చొప్పున 20,000 వరకు జరిమానా. 90 రోజులకు మించి దాటితే ఏడాది పాటు రానివ్వరు.

పన్ను కూడా రోజుల లెక్కే. థాయ్‌లాండ్‌లో ఒక క్యాలెండర్ సంవత్సరంలో 180 రోజులు, మలేషియాలో 182, వియత్నాంలో 183 దాకా వస్తే అక్కడ పన్ను నివాసి అవుతారు. వియత్నాంలోనైతే వచ్చిన రోజు నుంచి 12 నెలల లెక్క కూడా చూస్తారు. మన దగ్గర ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మొదలవుతుంది. అక్టోబర్ నుంచి మార్చి దాకా బయట ఉన్నా, ఏప్రిల్–సెప్టెంబర్ కలిపి 183 రోజులు ఇక్కడే ఉన్నట్టు. కాబట్టి ఆ ఏడాదికి మీరు భారత్‌లోనే నివాసి, ఎన్నారై లెక్కలు వేసుకోనక్కర్లేదు.

జీతగాళ్లు వీసా కంటే ముందు తెచ్చుకోవాల్సింది కంపెనీ అనుమతి, అదీ రాతపూర్వకంగా. మేనేజర్ నోటిమాట చాలదు. విదేశం నుంచి లాగిన్ కాగానే లాక్ అయిపోయే ల్యాప్‌టాప్‌లు చాలా కంపెనీల్లో ఉంటాయి.

గాలి, వాన

ఈ మూడు ఊళ్లలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. చియాంగ్ మాయ్ చుట్టూ కొండలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాల్లో మోళ్లు తగలబెడతారు, అడవులూ అంటుకుంటాయి, ఆ పొగ లోయలోంచి కదలదు. పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి ధూళి, అంకెలు కొన్ని రోజులు ఢిల్లీని తలపిస్తాయి. ఫొటోలన్నీ నవంబర్, డిసెంబర్‌లలో తీసినవి కాబట్టి ఈ సంగతి వాటిలో కనబడదు. గాలి నాణ్యత సైట్లలో కిందటేడాది మార్చి రోజువారీ అంకెలు తీసి చూడండి. ఆస్తమా ఉన్నవాళ్లు జనవరి ఆఖరుకి ఊరు ఖాళీ చేసేలా ప్రణాళిక వేసుకోవాలి. గాలి శుభ్రం చేసే యంత్రం కొనుక్కుంటే గది వరకే పనిచేస్తుంది. ఇంకోటి: 2024 సెప్టెంబర్, అక్టోబర్‌లలో పింగ్ నది పొంగి ఊళ్లోకి వచ్చింది. నది పక్క వీధుల్లో కింది అంతస్తు తీసుకోవద్దు.

దా నాంగ్ సంగతి తిరగేసి ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి నుంచి ఆగస్టు దాకా ఎండగా బాగుంటుంది. అక్టోబర్, నవంబర్‌లలో తుఫానులు, కుండపోత. 2022 అక్టోబర్ 14న ఒక్క రాత్రిలో వీధులు కాలువలయ్యాయి. దసరా సెలవులు చూసుకుని దా నాంగ్ వెళ్లేవాళ్లు సరిగ్గా ఆ వానలోకే వెళ్తారు.

కౌలాలంపూర్‌లో ఋతువుల గొడవ తక్కువ. ఏడాదంతా ఉక్క, చాలా సాయంత్రాలు ఉరుముల వాన. ఇండోనేషియాలోని సుమత్రా వైపు పీట్ నేలలు (కుళ్లిన ఆకూ అలమూ పేరుకున్న చిత్తడి నేలలు) అంటుకున్న ఏడాది మాత్రం ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య పొగమంచులాంటి పొగ కమ్ముతుంది.

గడియారం

బ్యాంకాక్, హనోయి సమయం మనకంటే గంటన్నర ముందు, కౌలాలంపూర్ రెండున్నర గంటలు ముందు. హైదరాబాద్ ఆఫీసుతో పనైతే ఇది వరం, పొద్దున పదింటి మీటింగ్ కౌలాలంపూర్‌లో మధ్యాహ్నం పన్నెండున్నరకి. అమెరికా తూర్పు తీరం క్లయింట్లయితే శాపం. చలికాలంలో న్యూయార్క్ ఉదయం 9 అంటే హైదరాబాద్‌లో రాత్రి 7:30, చియాంగ్ మాయ్‌లో 9, కౌలాలంపూర్‌లో 10. రాత్రంతా పనిచేసి పగలు పడుకునేవాళ్లు ఊరు చూసేదీ ఉండదు, మనుషులతో కలిసేదీ ఉండదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఇది నెల తిరక్కుండానే మనిషిని కుంగదీస్తుంది. అలాంటివాళ్లు తూర్పు వైపు వదిలేసి పడమర చూడాలి. జార్జియాలోని టిబిలిసిలో అదే మీటింగ్ సాయంత్రం ఆరింటికి మొదలవుతుంది.

డబ్బు: అద్దె ఒక్కటే కాదు

అద్దె అంకె చూసి ఊళ్లను పోల్చడం పెద్ద పొరపాటు. ప్రకటనలో కనబడనివి మూడుంటాయి.

మొదటిది అడ్వాన్సు. కౌలాలంపూర్‌లో మామూలుగా రెండు నెలల డిపాజిట్, కరెంటూ నీళ్ల కోసం ఇంకో అర నెల, దానిమీద మొదటి నెల అద్దె. అంటే నెలకి 2,000 రింగిట్ల గదికి తాళం చేతికి రావాలంటే 7,000 కట్టాలి. పైగా చాలామంది ఓనర్లు ఏడాది ఒప్పందమే అడుగుతారు, నాలుగు నెలలకి దొరికేది ఇంకాస్త ఎక్కువ అద్దెకే. చియాంగ్ మాయ్‌లో నెలవారీ అపార్టుమెంట్లు తేలిగ్గా దొరుకుతాయి.

రెండోది కరెంటు. చియాంగ్ మాయ్‌లో ప్రభుత్వ రేటు యూనిట్‌కి నాలుగు బాత్ పైచిలుకు. చాలా భవనాలు ఏడెనిమిది వసూలు చేస్తాయి. ఒక టన్ను ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే సుమారు ఆరు యూనిట్లు, నెలకు 180. ఎనిమిది బాత్ చొప్పున 1,440, ఒక్క ఏసీకే. 'యూనిట్ ఎంత?' అన్నది అద్దె ఎంత అన్నదాని వెంటనే అడగాల్సిన ప్రశ్న.

మూడోది మన డబ్బు అక్కడ తీసుకోవడానికయ్యే ఖర్చు. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డు పెట్టిన ప్రతిసారీ 220 బాత్ లేదా ఇంకొంచెం కోస్తాయి, వెయ్యి తీసినా ఇరవై వేలు తీసినా అంతే. కాబట్టి ఒకేసారి ఎక్కువ తీయండి. మెషిన్ 'రూపాయల్లో కోయమంటారా?' అని అడిగితే వద్దనండి, ఆ మారకం రేటు ఎప్పుడూ మనకి నష్టమే. వియత్నాంలో 20,000 డాంగ్ నోటూ 5 లక్షల నోటూ రెండూ నీలి ఛాయలోనే ఉంటాయి. చీకట్లో టాక్సీవాడికి ఇచ్చేటప్పుడు సున్నాలు లెక్కపెట్టుకోండి.

తిండి

దీన్ని చిన్న విషయంగా చూసేవాళ్లు నెల తర్వాత మాట మారుస్తారు. అన్నం మూడు చోట్లా దొరుకుతుంది, పక్కన ఏముంటుందన్నదే ప్రశ్న. థాయ్ వంటలో చేపల సాస్, వియత్నాంలో కూడా చేపల సాస్, కూరగాయల వేపుడులో సైతం. శాకాహారులు థాయ్‌లాండ్‌లో పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉండే 'జే' హోటళ్లు, వియత్నాంలో 'చాయ్' (chay, టీ కాదు, శాకాహారమని అర్థం) అని బోర్డున్నవి వెతకాలి. కౌలాలంపూర్‌లో ఈ బాధ లేదు. బ్రిక్‌ఫీల్డ్స్, మస్జిద్ ఇండియా వీధుల్లో పొన్ని బియ్యం, కరివేపాకు, మినప్పప్పు అన్నీ ఉంటాయి. అర్ధరాత్రి దోసె పోసే మమక్ హోటళ్లు (తమిళ ముస్లింలు నడిపేవి) సరేసరి. బ్రిటిష్ కాలంలో తోటల పనికి వెళ్లిన తెలుగు కుటుంబాల వారసులు కూడా ఆ దేశంలో ఉన్నారు. మొదటిసారి వెళ్లే శాకాహారికి మా ఓటు నిస్సందేహంగా కౌలాలంపూర్‌కే, ఫొటోల్లో అది మిగతా రెండింటంత ముద్దుగా కనబడకపోయినా.

వండుకునేవాళ్లు గదిలో వంటిల్లు ఉందో లేదో అడగాలి. చియాంగ్ మాయ్ స్టూడియోల్లో తరచూ ఉండదు, గ్యాస్ పెట్టనివ్వరు. ఇండక్షన్ మీద పనిచేసే అడుగున్న రెండు లీటర్ల కుక్కర్ తీసుకెళ్తే చాలు. ఆవకాయ సీసా చెకిన్ సామానులోనే పెట్టండి, చేతి సంచిలో ఉంటే నూనె అని తీసేస్తారు.

వారం గెస్ట్ హౌస్, తర్వాతే గది

ఇండియాలో కూర్చుని నెలల అద్దె ముందే కట్టేయకండి. మొదటి ఏడు రాత్రులు గెస్ట్ హౌస్ బుక్ చేసుకుని, ఆ వారంలోనే పేటలు తిరిగి చూడండి. చియాంగ్ మాయ్‌లో నిమ్మన్ కేఫేలకు దగ్గర, కానీ విమానాలు నెత్తిమీదే వెళ్తాయి. సంతితామ్ చవక, నిమ్మన్‌కి నడక దూరమే. దా నాంగ్‌లో విదేశీయులంతా ఉండేది సముద్రం వైపు అన్ థువాంగ్ చుట్టూ. నది అవతల హై చౌలో స్థానికుల ధరలుంటాయి. కౌలాలంపూర్‌లో మాంట్ కియారా ఫ్లాట్లు బ్రహ్మాండంగా ఉన్నా రైలు స్టేషన్‌కి నడిచి వెళ్లలేరు. కారు లేని ఒంటరి మనిషికి ఎల్‌ఆర్‌టీ లేదా ఎంఆర్‌టీ స్టేషన్‌కి పది నిమిషాల నడకలో ఉన్న గదే మంచిది.

గదిని రెండుసార్లు చూడండి, పగలొకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి. రాత్రి వెళ్లినప్పుడు గదిలోని వైఫై మీదే వీడియో కాల్ చేయండి, భవనమంతా సినిమాలు చూసే వేళ అది. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ తగ్గకూడదు. కిటికీ తెరిచి అవతల ఏ బార్ ఉందో, ఏ కట్టడం లేస్తోందో చూడండి. పక్కన ఖాళీ స్థలానికి రేకులు కట్టి ఉంటే రేపో మాపో పునాది తవ్వుతారు. పరుపు ఎత్తి కుట్ల దగ్గర నల్లుల మచ్చలు వెతకండి. గీజర్, ఏసీ వేసి పది నిమిషాలు ఉంచండి.

డబ్బు ఇచ్చే ముందు ఇంకొక్కటి: ఓనర్ మిమ్మల్ని నమోదు చేయిస్తాడా? థాయ్‌లాండ్‌లో విదేశీయుడు దిగిన 24 గంటల్లో ఓనర్ టీఎం 30 అనే చిరునామా ఫారం దాఖలు చేయాలి, వియత్నాంలో పోలీసులకు తాత్కాలిక నివాసం తెలపాలి. 'అదంతా ఎందుకులే' అనే ఓనర్ గది ఎంత బాగున్నా వదిలేయండి. పొడిగింపుకి వెళ్లినప్పుడు చిక్కుకునేది మీరే. థాయ్‌లాండ్‌లో 90 రోజులకు మించి వరసగా ఉంటే చిరునామా తెలిపే రిపోర్టు విడిగా ఇవ్వాలి.

జ్వరం వస్తే, బండి ఎక్కితే

ఒంటరిగా ఉన్నవాళ్లకి ఆసుపత్రి ఇరవై నిమిషాల్లో ఉండాలి. అంబులెన్స్ నంబర్లు: థాయ్‌లాండ్ 1669, వియత్నాం 115, మలేషియా 999. గది చిరునామా స్థానిక లిపిలో రాయించుకుని పర్సులో పెట్టుకోండి. ప్రయాణ బీమా ఇండియా వదలక ముందే తీసుకోవాలి. చాలా పాలసీలు ఒక విడతకి 180 రోజులకే ఇస్తారు.

బండి విషయంలో దా నాంగ్‌కి ప్రత్యేక హెచ్చరిక. మన ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, రోడ్డు రవాణా మీద దేశాలు చేసుకున్న 1949 ఒప్పందం కింది పుస్తకం. వియత్నాం ఒప్పుకునేది 1968 ఒప్పందం కింద ఇచ్చినదాన్ని. కాబట్టి అద్దె స్కూటర్ ఎవరిచ్చినా, లైసెన్సు లేకుండా నడిపినట్టే, ప్రమాదం జరిగితే బీమా రాదు. అక్కడ యాప్‌లో బైక్ పిలిపించుకోవడమే మేలు. థాయ్‌లాండ్‌లో ఆ పర్మిట్ చెల్లుతుంది, దాని మీద ద్విచక్ర వాహనం గడికి ముద్ర ఉంటేనే.

ఫోను, ప్లగ్గు

బ్యాంకు ఓటీపీల కోసం ఇండియా సిమ్ బతికుండాలి. బయల్దేరే ముందే అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించి, డేటా రోమింగ్ ఆపేసి, ఉండబోయే నెలలకు సరిపడా రీఛార్జ్ చేయండి. స్థానిక నంబరు ఈ-సిమ్‌గా తీసుకుంటే రెండూ ఒకే ఫోన్లో ఉంటాయి. మలేషియా ప్లగ్గులకు చదరపు మూడు కాళ్లు, మన పిన్నులు దూరవు, అడాప్టర్ రెండు కొనుక్కెళ్లండి.

ఖాళీ చేసేటప్పుడు

దిగిన రోజే గోడల మరకలు, ఫర్నిచర్, మీటర్ రీడింగ్ ఫొటోలు తీసి ఓనర్‌కి మెసేజ్‌లో పంపండి, తేదీ దానంతటదే పడుతుంది. వెళ్లిపోతున్న సంగతి నెల ముందు రాతలో చెప్పండి. డిపాజిట్ ఎగ్గొట్టే ఓనర్లకి మీ విమానం టైమే ఆయుధం, అందుకే తాళాలిచ్చిన రోజే విమానం ఎక్కకండి. రెండు రాత్రులు గెస్ట్ హౌస్‌లో ఉండి, డబ్బు చేతికొచ్చాక బయల్దేరండి.