‘రిసైడ్’ గడిలో ఏ చిరునామా రాయాలి?

మొన్న అమెరికాకు కొత్తగా వచ్చిన ఒక కుర్రాడికి తోడుగా బ్యాంకుకు వెళ్లాను. అక్కడి ఉద్యోగిని ఎక్కడ ఉంటున్నావని అడిగితే, ఫలానా అపార్టుమెంటులో ‘స్టే’ చేస్తున్నానన్నాడు. అది సరే, నీ ఇల్లెక్కడ అని అడిగింది ఆవిడ. వీడు కంగారుపడి గుంటూరు చిరునామా చెప్పాడు. ఆవిడ అదే టైపు చేయడం మొదలుపెట్టింది!

అమీర్‌పేటలో స్టే చేస్తున్నానంటే మనవాళ్లకు అక్కడే మకామని తెలుస్తుంది. ఇక్కడివారికి మాత్రం హోటల్లోనో చుట్టాలింట్లోనో నాలుగు రోజులు దిగినట్టు. మాట్లాడేటప్పుడు ‘లివ్’ అనండి, చాలు. ‘రిసైడ్’ అన్నా నివసించడమే, కానీ అది కాగితాల మాట. కబుర్లలో వాడితే కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టుంటుంది. ఊరి పేరు ముందు ‘ఇన్’, ఇంటి నంబరుతో చెబితే ‘ఎట్’. వ్యాకరణం ఇంతే.

అసలు చిక్కు ఫారాల్లో ఉంది. రిసైడ్ అని ఉన్నచోట మీరు నిజంగా కాపురముంటున్న చిరునామాయే రాయాలి. స్నేహితుడి ఇల్లు కాదు, పోస్టాఫీసు పెట్టె నంబరు అసలే కాదు. ఉత్తరాల కోసం ‘మెయిలింగ్’ అని వేరే గడి ఉంటుంది, చూడండి బాబూ! ఇల్లు మారితే 10 రోజుల్లోగా ఇమ్మిగ్రేషన్ వాళ్లకు తెలియజేయాలి. ఎఫ్-1 (చదువు వీసా) విద్యార్థులు కాలేజీలోని విదేశీ విద్యార్థుల కార్యాలయానికి చెబితే వాళ్లు సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డులో, మారుస్తారు. హెచ్-1బి (ఉద్యోగ వీసా) వాళ్లు చిరునామా మార్పు తెలిపే ఏఆర్-11 ఫారం నింపాలి, భార్యాబిడ్డలకు విడివిడిగా. పోస్టాఫీసులో ఉత్తరాలు మళ్లించమని చెప్పాం కదా అంటారు కొందరు. అది ఉత్తరాల సంగతి, ఇమ్మిగ్రేషన్ వాళ్లకు చెప్పినట్టు కాదు. ఎన్నిసార్లు చెప్పాలి?

నా మొదటి నెలలు ఇలాగే గడిచాయి. అద్దె ఒప్పందం ఇంకొకరి పేరున, కరెంటు బిల్లు మరొకరి పేరున. నివాస రుజువు ఏదని ప్రతి కౌంటరులోనూ అడిగేవారు. ఉత్తరాల పెట్టె మీద మా పేర్లు లేక బ్యాంకు కార్డు తిరిగి వెళ్లిపోయింది. కాబట్టి పెట్టె లోపల అందరి పేర్లూ రాసి అతికించండి. ఒప్పందంలో మీ పేరు చేర్చమని వచ్చిన వారంలోనే అడగండి, మొహమాటం వద్దు.

పన్నుల దగ్గర ‘రెసిడెంట్’ లెక్క వేరు. ఎఫ్-1 మీద వచ్చినవారు సాధారణంగా మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు నాన్ రెసిడెంట్లే. ఆదాయం లేకపోయినా, అమెరికాలో ఉన్న రోజుల లెక్క చెప్పే 8843 ఫారం పన్నుల శాఖకు పంపాలి.

సరే, మరీ బెంగపడకండి. ఏఆర్-11కు రుసుము లేదు, ఆన్‌లైన్‌లో కొద్ది నిమిషాల పని. గడువు దాటినా ఇవాళే నింపి, వచ్చిన రసీదు కాపీ దాచుకోండి.