ఈస్ 1 ఆడటం నేర్చుకుందాం – 2వ పాఠం: ఎదురుగా కాదు, పక్కగా

పోయిన పాఠంలో ఆట ఇన్‌స్టాల్ చేసుకుని మినియా ఊరి గేటు దాటమన్నాను. చాలామంది దాటారు, నాలుగడుగుల్లోనే చచ్చిపోయారు. మీ ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒక్కటే: దాడి చేసే బటన్ ఏది? అలాంటి బటనే లేదు. షాపుల గురించి చెబుదామనుకున్నాను గానీ, ముందు ఈ చిక్కు తీరాలి.

ఫాల్కమ్ కంపెనీ ఈ ఆటను 1987లో పీసీ-8801 కంప్యూటర్ కోసం తెచ్చింది. మనం ఆడుతున్నది 2013లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలోకి వచ్చిన కొత్త రూపం, క్రానికల్స్ ప్లస్. బొమ్మలు మారాయి, ఐమూలగా నడవడం కుదురుతోంది. పోరాటం మాత్రం పాతదే. మన హీరో అడోల్‌ను శత్రువు మీదికి నడిపిస్తే చాలు, కత్తి తన పని తాను చేసుకుంటుంది. కొన్న కత్తిని మెనూలో తగిలించుకోవాలని వేరే చెప్పక్కర్లేదుగా.

ఇక అసలు ఉచ్చు. శత్రువు కనబడగానే అందరూ తిన్నగా వెళ్లి గుద్దుకుంటున్నారు. ఇద్దరి నడుములు ఒకే గీత మీదుంటే దెబ్బ మీకూ తగులుతుంది. అర ఒళ్లు పక్కకు జరగండి. ఇరుకు సందులో ఎదురొచ్చిన మనిషిని భుజం రాసుకుంటూ దాటతామే, అంత ఎడం చాలు. వాడు కిందికి దిగుతున్నాడు, మీరు పైకి వెళ్తున్నారు: మీ ఎడమ భుజం వాడి నడుముకు ఎదురుగా ఉండాలి. తగలగానే వాడు వెనక్కి జరుగుతాడు. అక్కడ ఆగిపోతున్నారు మీరు! ఆగకండి, అదే గీతలో తోసుకుంటూ పొండి. ఆగితే వాడు తిరిగి మీకు ఎదురుగా సర్దుకుంటాడు. వెనక నుంచి దొరికితే ఇంకా మేలు. పక్క నుంచైనా సరే. ఐమూలగా వెళ్లి కొట్టడం అన్నిటికంటే తేలిక, అందుకే దాని మీదే ఆధారపడొద్దంటాను.

నేను కీబోర్డు బాణాలతోనే ఆడతాను. గేమ్‌ప్యాడ్ స్టిక్‌తో నాకు ఆ అర ఒళ్లు ఎడం కుదరదు. సంగీతం కూడా సెట్టింగుల్లో పీసీ-8801 నాటిదే పెట్టుకోండి. కొషిరో యుజో ఆ బాణీలు కట్టేనాటికి 20 ఏళ్లు నిండలేదు, వినండి ఒకసారి.

ప్రాణం తగ్గితే మైదానంలో కదలకుండా నిలబడండి, అదే నిండుతుంది. గుహల్లో ఆ వీలుండదు. ఈ ఆటలో అడోల్ బలాన్ని చూపే లెవెల్ 10 దాటి పెరగదు కాబట్టి, తప్పుగా కొట్టినా లెవెల్ పెంచుకుని నెట్టుకొద్దామనే ఆలోచన చివరిదాకా నిలవదు.

అభ్యాసం: ఆట కష్టాన్ని నార్మల్‌లో పెట్టుకుని, మినియా బయట, ప్రాణం ఒక్క పాయింటు కూడా పోకుండా వరసగా 10 మందిని కొట్టాలి. ఒక్కటి పోయినా మళ్లీ ఒకటి నుంచి లెక్క. అది కుదిరాక ఐమూల మానేసి నాలుగు దిక్కుల్లోనే ఇంకో 10 మంది. అది పూర్తి చేయకుండా గనిలోకి దిగవద్దు. అక్కడ గబ్బిలాలుగా విడిపోయే పెద్ద శత్రువు వాగులియన్ ఉన్నాడు, వాడి సంగతి 3వ పాఠంలో.