ముసురులో దీపావళి: ఇంట్లో చిచ్చుబుడ్లు కూరేవాళ్లకు

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దీపావళి సరిగ్గా ఈశాన్య రుతుపవనాల్లోనే వస్తుంది. అమావాస్యకు వారం ముందు నుంచి ముసురు పట్టుకుంటే దండెం మీద బట్టలు కూడా రెండు రోజులకు గానీ ఆరవు. అలాంటి రోజుల్లో ఇంట్లోనే మందు కలిపి చిచ్చుబుడ్లు, మతాబులు కూరేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇది వాళ్ల కోసమే రాస్తున్నాను.

ఇంట్లో కూరొద్దు. లైసెన్సు లేకుండా బాణసంచా తయారు చేయడం నేరం, ఆ సంగతి అలా ఉంచండి. అసలు చిచ్చుబుడ్డి పేలకుండా పువ్వులు ఎందుకు చిమ్ముతుందో చూడండి. మందు పైనుంచి పొర తర్వాత పొరగా కాలుతుంది, పుట్టిన వాయువు మూతిలోంచి బయటికి పోతుంది. మందులో ఎక్కడైనా నెర్రె ఉంటే మంట అందులోకి దిగి లోపలిదంతా ఒక్కసారే అంటుకుంటుంది. మూతి పూడుకుంటే వాయువుకు దారి ఉండదు. అప్పుడు అది చిచ్చుబుడ్డి కాదు, బాంబు. మట్టి బుడ్డి అయితే పెంకులు బాకుల్లా ఎగురుతాయి.

"ఇంకాస్త మందు వేస్తే ఇంకా ఎత్తు లేస్తుంది" అనే మాట ప్రతి ఇంట్లోనూ విన్నదే. ఎంత మందు, ఎంత గట్టిగా కూరాలి, మూతి ఎంత ఉండాలి అనేవి మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఒకటి మారిస్తే మిగతా రెండూ మారాలి. అది చేతి అంచనాకు అందేది కాదు. ఫ్యాక్టరీలో తూచి కూరతారు, కొన్ని కాల్చి చూస్తారు. మన ఇంట్లో మొదటి పరీక్ష పిల్లల ముందే జరుగుతుంది.

దీనికి తేమ తోడైతే ఇంకా ప్రమాదం. మందులో కలిపే బీడు (పోత ఇనుము) రజను తుప్పు పడుతుంది. తడిసి ఆరిన మందు కుంచించుకుని బుడ్డి గోడ నుంచి విడిపోతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. మా చిన్నాయన కూరినవి ఒక ఏడాది ఇలాగే మెత్తబడ్డాయి. మధ్యాహ్నం కాస్త ఎండ కాస్తే మిద్దె మీద చాటలో పెట్టి ఆరబెట్టాడు. రాత్రి వెలిగిస్తే జానెడు ఎత్తు చిటపటలాడి ఆగిపోయింది. "ఏం కాదులేరా, తడి" అంటూ వంగి చెయ్యి పెట్టాడు. ఆయన కుడి అరచేతిలో ఇప్పటికీ గీతలు లేవు, చర్మం మైనంలా మెరుస్తూ ఉంటుంది.

పొటాషు (పొటాషియం క్లోరేటు), గంధకం కలపడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ రెండూ కలిస్తే నిప్పే అక్కర్లేదు, రాపిడి చాలు. అందుకే క్లోరేటుతో గంధకం కలిపిన బాణసంచాను మన దేశంలో 1992లోనే నిషేధించారు. ఎవరైనా ఇప్పటికే కలిపి పెట్టి ఉంటే దంచొద్దు, జల్లించొద్దు, కాల్చి చూడొద్దు. పిల్లల్ని బయటికి పంపి 101కి ఫోన్ చేయండి.

కొనేవాళ్లు లైసెన్సు ఉన్న షాపులోనే కొనండి. పండక్కి వేసే తాత్కాలిక షాపులైతే షాపుకీ షాపుకీ మధ్య కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి, లోపల నూనె దీపాలు, గ్యాసు దీపాలు ఉండకూడదు. కొన్నవి చెమ్మగిల్లితే పొయ్యి దగ్గరో ఇస్త్రీపెట్టె కిందో పెట్టొద్దు, డబ్బు పోతే పోయింది. వెలగని దాన్ని పావుగంట దాకా ముట్టుకోవద్దు. తర్వాత దూరం నుంచే నీళ్లు పోసి, బకెట్లో రాత్రంతా నాననివ్వండి. మళ్లీ వెలిగించే ఆలోచనే వద్దు. వెలిగించేటప్పుడు దాని మీదికి వంగకండి, నూలు బట్టలే వేసుకోండి.

కాలితే టెన్షన్‌లో టూత్‌పేస్టు, పసుపు, సిరా పూయకండి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేసి, కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు పారనివ్వండి. మంచుముక్క పెట్టొద్దు. కంటికి దెబ్బ తగిలితే నలపొద్దు, నొక్కొద్దు. ఒక శుభ్రమైన కప్పు కంటికి తగలకుండా అడ్డంపెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.